తొమ్మిది నిమిషాలు వెలిగిన తెర

“ఇరవై నిమిషాలు. ఏసీపీ సార్ చెప్పిండని ఒప్పుకుంటున్న. ఇరవై ఒకటో నిమిషంల మీరు షట్టర్ అవతల ఉండాలె,” అన్నాడు సీఐ రాంప్రసాద్, చేతి గడియారం చూసుకుంటూ.

సుభాషిణి కూడా ఆ గడియారం వైపు చూసింది. గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోందో, పొద్దుట్నుంచి ఎన్ని అడుగులు వేశాడో అందులో తెలుస్తుందట. బుర్ర ఎంతసేపు పనిచేసిందో చూపించే ఏర్పాటు ఇంకా వచ్చినట్టు లేదు. వచ్చి ఉంటే ఇతను దాన్ని చేతికి కట్టుకొని తిరిగేవాడు కాదు.

పదేళ్ల కింద సైబర్ విభాగంలో ఆమె ఇన్‌స్పెక్టర్‌గా ఉన్నప్పుడు ఈ రాంప్రసాద్ ఆమె దగ్గరే పని నేర్చుకోవాల్సిన ఎస్సై. నేర్చుకోలేదు. ఆమె ఉద్యోగం వదిలేసి హన్మకొండలో డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకుంది. అతను సీఐ అయ్యాడు. లోకం తీరు అట్లా ఉంటుందని ఆమె ఎప్పుడో సర్దుకుంది గాని, అతని ముఖం చూసిన ప్రతిసారీ మళ్లీ కొత్తగా సర్దుకోవాల్సి వస్తోంది.

“కట్టయ్యను కోర్టుకు ఎన్నింటికి పంపుతవు?”

“నాలుగింటికి. రిమాండ్ రిపోర్టు టైపైపోయింది.”

అప్పటికి పదకొండున్నర. నిన్న సాయంత్రం నాలుగుంబావుకు ఈ మిర్చి గోదాంలోనే గుమాస్తా సదానందం శవం దొరికింది. తల వెనక ఒకే ఒక్క దెబ్బ. దెబ్బ కొట్టింది బస్తాలు లాగే ఇనుప కొక్కెంతో. ఆ కొక్కెం హమాలీ కట్టయ్యది. శవాన్ని చూశానని అరిచింది కూడా కట్టయ్యే. పోలీసులకు ఇంతకంటే సుళువైన కేసు ఉండదు. ఒక్కసారి హత్యానేరం కింద లోపలికి పోతే బస్తాలు మోసే మనిషి బయటికి రావడానికి ఏళ్లు పడుతుంది. అందుకే హమాలీ సంఘం వాళ్లు కట్టయ్య భార్య యాకమ్మను వెంటబెట్టుకొని పొద్దున్నే సుభాషిణి ఆఫీసు మెట్లెక్కారు.

యాకమ్మ ఇప్పుడు షట్టర్ పక్కన గోడకు ఆనుకొని నిలబడి ఉంది. ఇదే గోదాంలో మిర్చికి తొడిమలు తీసే కూలి. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, ఘాటుకో ఏడుపుకో తెలియలేదు.

“ముందు రాకేష్‌తో మాట్లాడత,” అంది సుభాషిణి.

రైతుల మిర్చిని కమీషన్ మీద అమ్మిపెట్టే ఈ అడ్తికి యజమాని వెంకట్రాజం, అతని కొడుకు రాకేష్. వ్యాపారం అంతా ఇప్పుడు అతనిదే. తెల్లచొక్కా ఇస్త్రీ నలగకుండా కుర్చీ అంచున కూర్చొని, ఫోన్‌లో వేలితో వీడియోలు పైకి తోస్తున్నాడు. ఆ ఫోన్‌కు ఒక వైరు, ఆ వైరు చివర ఇటుక ముక్కంత పవర్ బ్యాంకు. సెలైన్ ఎక్కుతున్న రోగిలా ఉంది ఆ ఫోను.

“నాకు తెల్సిందంత సార్‌కు చెప్పిన గద మేడం.”

“సార్‌కు అర్థమైనంత సార్ రాసుకున్నడు. నిన్న సదానందాన్ని చివరిసారి ఎప్పుడు చూసినవు?”

“పదిన్నరకు. ఆయన ఫోన్ మా ఆఫీసుల ఛార్జింగుల ఉండె. నిండింది. వైరు పీకి నేనే చేతికిచ్చిన. ఇచ్చి కారెక్కిన, హన్మకొండ పోయిన. మళ్ల వచ్చింది ఐదింటికి, సార్ ఫోన్ చేస్తె.”

“పదిన్నరకే కారెక్కినవా?”

“పది ముప్పై రెండు అనుకోండ్రి.” రాకేష్ నవ్వాడు. రెండు నిమిషాలు దానం చేసినట్టు నవ్వాడు.

“హమాలీలు?”

“ముఠా పదకొండింటికి కాంటా మీద తూకం అయిపోంగనె వేరే అడ్తికి పోయింది. షట్టర్ దించిన్రు. లోపల సదానందం ఒక్కడే. నాలుగింటికి కట్టయ్య ఒక్కడే వచ్చిండు, కొక్కెం మర్చిపోయిండట.”

“ఇన్నరా మేడం,” అంటూ రాంప్రసాద్ అందుకున్నాడు. “పదిన్నరకు నూరు శాతం ఛార్జింగ్. పావుతక్కువ ఐదింటికి మేం ఫోన్ పట్టుకున్నప్పుడు నాలుగు శాతం. అంటే మనిషి ఆరు గంటలు కూసొని వీడియోలు చూసిండు. సచ్చినోడు వీడియోలు చూడడు గద మేడం? కాబట్టి నాలుగింటిదాక బతికే ఉన్నడు. నాలుగింటికి లోపలికి వచ్చింది ఎవరు? కట్టయ్య. డాక్టర్‌ను అడిగితే పదింటికి నాలుగింటికి నడుమ ఎప్పుడైనా అంటడు. ఆ డాక్టర్ కంటె ఈ బ్యాటరీ నయం. ఛార్జింగ్ అబద్ధం చెప్పదు.”

సుభాషిణి చివరిదాకా వింది. ఇంత చక్కటి మూర్ఖత్వాన్ని మధ్యలో ఆపడం ఆమెకు ఇష్టం లేకపోయింది.

రాకేష్ లేచి తాళంచెవి వేలికి తిప్పుకున్నాడు. “సార్, నాతోని పనైపోతె పోత. యాకమ్మా, నడువు. వకీలు దగ్గరికి తోల్కపోత. ఈ ఎండల నిలబడి ఏం చేస్తవ్?”

“వకీలును నువ్వు పెడుతున్నవా?” అడిగింది సుభాషిణి.

“మా దగ్గర పనిచేసేటోళ్లు మేడం. ఫికర్ మాకుండదా?”

యాకమ్మ సుభాషిణి వైపు చూసింది. నోరు తెరిచి మళ్లీ మూసుకుంది.

“నిన్న నువ్వు పనికొచ్చినవా యాకమ్మా?”

“వచ్చిన మేడం. పదింటిదాక్నే ఉన్న. నాకేం తెల్వది. చిన్నసారు వకీలును మాట్లాడిండు. మా ఆయన ఇంటికొస్తె నాకు అంతే చాలు.” అడగని దానికి కూడా జవాబు చెప్పి, గబగబా కారు వైపు నడిచింది.

ఆ తొందర సుభాషిణికి నచ్చలేదు. కానీ ఇరవైలో ఆరు నిమిషాలు అయిపోయాయి. తర్వాత అడగొచ్చులే అనుకుంది. ఆ రోజు ఆమె చేసిన తప్పు అదొక్కటే, చిన్నది మాత్రం కాదు.

లోపల బస్తాలు వరసలుగా పేర్చి ఉన్నాయి. మిర్చి ఘాటుకు సుభాషిణి, రాంప్రసాద్, వెంట వచ్చిన హెడ్ కానిస్టేబుల్ ముగ్గురూ వరసగా తుమ్మారు. శవం పడి ఉన్న చోట సున్నంతో గీత గీశారు. గోడకు వరసగా మేకులు, ఒక్కో మేకు మీద ఒక్కో హమాలీ పేరు. కట్టయ్య పేరున్న మేకు ఖాళీగా ఉంది.

“కొక్కెం ఎక్కడ దొరికింది?”

“ఈ మేకుకే వేలాడుతాంది,” అన్నాడు రాంప్రసాద్ గర్వంగా. “నల్లా నీళ్లతోని కడిగి మళ్ల తగిలించిండు. కడిగిన అని వాడే ఒప్పుకున్నడు. సాక్ష్యం మాయం చేసుడు.”

“ఎందుకు కడిగిన అన్నడు?”

వెనక నిలబడ్డ హెడ్ కానిస్టేబుల్ రాయమల్లు మెల్లగా గొంతు సవరించుకున్నాడు. “దసరాకు పూజ చేసే కొక్కెం గద మేడం. దాని మీద నెత్తురు చూసేటాలకు పానం ఒప్పలేదట. కడిగి, మొక్కి, తగిలేసినంక అందర్ని పిలిచిన అన్నడు.”

“ముఠాలో ఎవరిని అడిగినా అదే చెప్తరు,” అంది సుభాషిణి. “బస్తాకు తగిలించే ముందు దాన్ని కండ్లకద్దుకుంటరు వాళ్లు. చంపినోడైతే దాన్ని బావిల పారేస్తడు, లేకపోతే పక్కోడి మేకుకు తగిలేస్తడు. తన పేరున్న మేకుకే తగిలేసి, జనాన్ని పిలిచి, కడిగింది నేనే అని చెప్పే హంతకుడు నీకు ఒక్కడికే దొరుకుతడు రాంప్రసాద్. సరే, ఫోన్ ఎక్కడ దొరికింది?”

“శవం దగ్గర.”

రాయమల్లు మళ్లీ గొంతు సవరించుకున్నాడు.

“చెప్పు రాయమల్లన్నా, భయపడకు.”

“శవం దగ్గరంటె… పైన మేడం. నేనే నంబర్ కలిపిన, మీదికెళ్లి మోగింది. పన్నెండో బస్తా మీద, జాలీ కిటికీ పక్కన. నిచ్చెనేసి తీసిన.”

సుభాషిణి తన ఫోన్ తీసి చూసింది. కింద సిగ్నల్ గీత ఒక్కటి కూడా లేదు. రేకుల కప్పు, నాలుగు పక్కలా బస్తాలు. చీర కుచ్చిళ్లు ఎగదోపి నిచ్చెన ఎక్కింది. యాభై రెండేళ్ల మోకాళ్లు గోల పెట్టాయి. జాలీ కిటికీ దగ్గర చెయ్యి చాపితే ఒక గీత వచ్చింది, మళ్లీ పోయింది, మళ్లీ వచ్చింది.

“ఆరు గంటలు వీడియోలు చూసినోడు ఫోన్ తనకు అందని ఎత్తుల పెట్టుకొని చూసిండా? నిచ్చెన ఎక్కి ఒకటి చూసి, దిగి, మళ్ల ఎక్కి ఇంకోటి చూసిండా?” పైనుంచే అడిగింది.

“దాచిపెట్టి ఉంటడు.”

“సిగ్నల్ కోసం పెట్టిండు. ఏదో పంపాలనుకున్నడు, కింద పోతలేదు. అందుకని పైన పెట్టి దిగిండు. దిగినంక మళ్ల ఎక్కనియ్యలేదు. ఫోనియ్యి.”

సదానందం ఫోన్‌ను పోలీసులు సిమ్ తీసేసి ఛార్జింగ్ పెట్టారు. తెర తాళం గీత అతని భార్య భవాని చెప్పింది. సుభాషిణి నిచ్చెన దిగి, సెట్టింగుల్లో బ్యాటరీ పేజీ తెరిచి, నిన్నటి తేదీ మీద వేలు పెట్టింది. తర్వాత ఫోన్‌ను రాంప్రసాద్ ముఖానికి జానెడు దూరంలో పట్టుకుంది.

“చదువు. గట్టిగ చదువు, రాయమల్లన్న కూడ వినాలె.”

“తెర వెలిగిన సమయం… పది నుంచి పదకొండు నడుమ తొమ్మిది నిమిషాలు.”

“తర్వాత?”

“సున్న.”

“పదకొండు నుంచి పన్నెండు?”

“సున్న.” అతని గొంతు తగ్గింది. “నాలుగు దాటేదాక సున్న. మీరు చూస్తలేరా మేడం, నాతోని ఎందుకు చదివిస్తాండ్రు?”

“నువ్వు నిన్న చదవలేదు గనుక. పేజీ కిందికి జరుపు. చమక్ అనే వీడియోల యాప్. తెర మీద నాలుగు నిమిషాలు. వెనకాల ఐదు గంటల నలభై ఒక్క నిమిషాలు. బ్యాటరీల డెబ్బై ఒక్క శాతం అదొక్కటే తినేసింది. ఆరు గంటలు వీడియోలు చూసింది సదానందం కాదు. సదానందం సచ్చిపోయినంక కూడ ఫోన్ తన పని తాను చేసుకుంట కూసుంది.”

“యాప్ మూసేస్తె మూసినట్టే గద?”

“నిన్న ఈ షట్టర్ మూసే ఉండె. లోపల ఏం కాలేదా?”

రాయమల్లు నవ్వు ఆపుకోబోయి తుమ్మాడు.

సుభాషిణికి ఈ యాప్‌ల మీద పాత కసి ఉంది. మనుషులు పైసా ఇవ్వకుండా వచ్చిందని సంబరంగా దించుకుంటారు. అది జేబులో చేరి నువ్వెక్కడున్నావో పదినిమిషాలకోసారి చూసుకుంటుంది, నువ్వు అడగని వీడియోలు ముందే తెచ్చి పెట్టుకుంటుంది, ఎవడో తెలియనివాడు కొత్త చొక్కా తొడిగాడని నిన్ను లేపి చెబుతుంది. పొద్దున నిండిన ఫోన్ మధ్యాహ్నానికి చచ్చిపోతే జనం బ్యాటరీని తిడతారు, కంపెనీని తిడతారు, కరెంటును తిడతారు. ఆ యాప్‌ను మాత్రం ముద్దుగా మళ్లీ తెరుస్తారు. ఇంత చదువుకున్న జనం ఇంత తేలిగ్గా మోసపోవడం చూస్తే ఆమెకు జాలి కలగదు, చిరాకే కలుగుతుంది.

“నీ ఫోన్ తియ్యి,” అంది.

“నాదెందుకు?”

“ఎంతుంది ఛార్జింగ్?”

“ముప్పై ఒకటి.”

“పొద్దున ఎంత పెట్టుకొచ్చినవు?”

“నూరు.” చెప్పాక గాని అతనికి అర్థం కాలేదు.

“ఇప్పటిదాక వీడియోలు చూస్తనే ఉన్నవా? ఉంటె చెప్పు, ఏసీపీకి చెప్త. లేకపోతె బ్యాటరీ పేజీ తెరువు.”

తెరిచాడు. అదే చమక్. వెనకాల నాలుగు గంటలు. రాంప్రసాద్‌కు అందులో పదకొండు వేలమంది అభిమానులున్నారు. నల్లకళ్లద్దాలు పెట్టుకొని జీపు దిగే వీడియో పైనే కనబడింది, అదే దిగడం మూడు దిక్కుల నుంచి. రాయమల్లు మర్యాదగా కప్పు వైపు చూశాడు.

“నీ లెక్కన నువ్వు పొద్దుట్నుంచి డ్యూటీ చేస్తలేవు. కట్టయ్యకు ఒక లెక్క, నీకొక లెక్కనా? ఆ మనిషి పదిన్నరకు ఫోన్ తీసుకున్నడు. తొమ్మిది నిమిషాలు పట్టుకున్నడు. పదకొండు దాటకముందే సచ్చిపోయిండు. అప్పుడు కట్టయ్య ముప్పైమంది ముఠాతోని కాంటా దగ్గర బస్తాలు మోస్తాండు. కోర్టుకు పంపేది ఆపు.”

రాంప్రసాద్ మెడ ఎర్రబడింది. తప్పు తెలిసినవాడి ముఖం ఒకలా ఉంటుంది, నలుగురిలో తెలిసినవాడి ముఖం ఇంకోలా ఉంటుంది. అతనిది రెండోది.

“ఆపుడు ఆపకపోవుడు నేను చూసుకుంట. ఆ యాప్ వెనకాల చేసిన పనేందో ముందు చూద్దాం.” సదానందం ఫోన్ లాక్కున్నాడు.

“ఆగు. నెట్ కలపకు!” సుభాషిణి గొంతు మొదటిసారి పెరిగింది. “అది పంపలేక పెండింగుల పెట్టుకున్నదేదో ఉన్నది. నెట్ లేకుండనె తెరిచి చూడొచ్చు. కలిపితె అది నీ పర్మిషన్ అడగదు.”

“నా కేసు. నేను పట్టిన ఫోన్.”

“సార్, మేడం వద్దంటాంది…” అన్నాడు రాయమల్లు.

అప్పటికే అతను తన ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి, రెండు ఫోన్లూ పట్టుకొని షట్టర్ దాటి ఎండలోకి పోయాడు. అక్కడ సిగ్నల్ నిండా ఉంది. నిన్నంతా గోదాంలో కొట్టుకులాడిన పని బయట ఒకటిన్నర నిమిషంలో అయిపోయింది. సుభాషిణి అతన్ని చేరుకునేసరికి తెర మీద ఒక పచ్చటి టిక్కు, దాని కింద రెండు మాటలు. పోస్ట్ అయింది.

రాంప్రసాద్ వీడియో తెరిచాడు.

బస్తాల సందులోంచి తీసిన వీడియో. నేల మీద పాలిపోయిన తాలు మిర్చి కుప్ప. రాకేష్ చొక్కా చేతులు మడిచి డబ్బాలోంచి ఎర్రటి రంగు దాని మీద పోస్తున్నాడు. అతని తల పైన గోడ గడియారం, పది నలభై నాలుగు. పదీ ముప్పై రెండుకు కారెక్కిన మనిషి.

“రైతన్నలార, జర చూడుండ్రి,” సదానందం గొంతు గుసగుసగా వినబడింది. “మీరు తెచ్చిన మంచి సరుకుల ఈ రంగు తాలు కలిపి అమ్ముతాండు. మీ పేరు ఖరాబు చేస్తాండు. వద్దంటె నన్ను పనిలకెళ్లి తీసేస్తనన్నడు. నేనొక్కన్నే కాదు, ఈ అక్క కూడ రేపు ఆఫీసర్ల ముంగట చెప్తనన్నది.”

కెమెరా పక్కకు తిరిగింది. తొడిమల గంప ముందు కూర్చున్న యాకమ్మ ముఖం తెరంతా నిండింది. “చెప్త. నాకేం భయం?” అంది ఆ ముఖం.

వీడియో అయిపోయింది.

పదింటిదాకే ఉన్నానని చెప్పిన మనిషి. యాకమ్మ ఇందాక నోరు ఎందుకు తెరిచి మూసిందో సుభాషిణికి ఇప్పుడు తెలిసింది. రంగు సంగతి ఎత్తకుండా నోరు మూసుకుంటే మీ ఆయన్ని విడిపిస్తానని చంపినవాడే మాటిచ్చాడు. ఆమె నమ్మింది. నోరు మూసుకుంది కాబట్టే ఇప్పటిదాకా బతికి ఉంది. ఆమె సదానందానికి మాటిచ్చిన సంగతి రాకేష్‌కు నిన్న తెలియదు, ఇందాక కారెక్కించుకున్నప్పుడూ తెలియదు.

“ఎవరన్న చూసిన్రా? తీసెయ్యి! వెంటనె తీసెయ్యి!”

రాంప్రసాద్ తీసేసే బటన్ కోసం తెరంతా వెతికాడు. సదానందం ఆ వీడియోకు అడ్తి పేరు తగిలించాడు. అట్లా తగిలిస్తే కబురు వెంటనే అడ్తి ఖాతాకు పోతుంది, ఆ ఖాతా నడిపేది రాకేష్. చూసినవాళ్ల పట్టీలో అప్పటికి ఒకే ఒక్క పేరు ఉంది. వెంకట్రాజం అడ్తి. చూసి నిమిషం అయింది.

సుభాషిణి యాకమ్మ నంబర్ కలిపింది. ఫోన్ స్విచ్ ఆఫ్ చేసి ఉందని చెప్పిందొక తీయని గొంతు. మళ్లీ కలిపింది. మళ్లీ అదే గొంతు.

“ఛార్జింగ్ అయిపోయిందేమో మేడం,” అన్నాడు రాంప్రసాద్. ఎవరైనా అవునంటే బాగుండునన్నట్టు అన్నాడు.

“అది బటన్ ఫోన్ రాంప్రసాద్. పొద్దున నంబర్ రాసుకున్నప్పుడు చూసిన. దాంట్ల ఏ యాపూ లేదు, వారం దాక దానికి ఏం కాదు. ఎవడో చేత్తో ఒత్తి ఆపితెనే ఆగుతది.”

రాయమల్లు అప్పటికే జీపు వైపు పరుగెత్తుతున్నాడు.